రెండుసార్లు పోసిన తుపాకీ మందు

అనకాపల్లి
నవంబరు 4

దేముడమ్మకు,

ఫోన్ చేస్తే నీ చెల్లెలు గురువమ్మ ఎత్తింది. "అక్కకి ఫోనులో ఏటీ ఇనపడతం లేదు బావా" అంది. అందుకే ఈ కాగితం. నా రాత చూసి నవ్వకు.

చెరకులో పందులు పడ్డాయి. తుపాకీలో గుండు వెయ్యాలా, సన్న సీసం రవ్వలు వెయ్యాలా, ఒట్టి మందు చాలా? నలభై ఏళ్ళు కూరడం నీ పని, పేల్చడం నా పని. ఎంత పోసేదానివో నేనెప్పుడూ చూడలేదు. రాయి.

నేను బాగానే ఉన్నాను. వంట చేసుకుంటున్నాను.

నీ మొగుడు
చంద్రమౌళి

ఏటికొప్పాక
నవంబరు 11

బావకు,

ఆ రోజు నా పక్కన తుపాకీ అంత గట్టిగా పేలిన కాణ్ణించి చెవిలో ఈల ఇంకా ఆగలేదు.

గుండు వద్దు. అది దూరం పోతుంది, అవతలి మడిలో మనిషి ఉంటే ఎలా? రవ్వలూ వద్దు. దెబ్బ తిన్న పంది మీదికొస్తుంది. కొంచెం మందు, పైన కొబ్బరి పీచు. చప్పుడుకే పోతాయి.

కూరిన తరవాత గొట్టం మూతిలో చెరకాకు దోపేదాన్ని, లోపల మందుందని గుర్తుకి. ఆ రోజూ దోపేను. అయినా టీ కొట్టు దగ్గర ఏటన్నావు? "ముసల్దానికి మతి పోయి రెండుసార్లు పోసీసింది" అన్నావట. నేను ఇక్కడికి వచ్చింది చెవి పోయినందుకు కాదు, ఆ మాటకి.

దేముడమ్మ

అనకాపల్లి
నవంబరు 17

దేముడమ్మా,

గుండు వద్దన్నావు. అయినా అడుగుతున్నాను. సైకిలు షాపు శంకర్ ఇనప బాల్సు ఇస్తానంటున్నాడు. అవి మంచివా, సీసం మంచిదా? గుడ్డ చుట్టి దించాలా?

పొద్దుగూకితే గట్టు మీద కూర్చుంటున్నాను. పక్కన ఎవరూ సణగడం లేదు. ఆ సణుగుడు లేకపోతే చేను ఇంత పెద్దదని తెలీలేదు.

ఎప్పుడొస్తావని నేను అడగలేదు.

చంద్రమౌళి

ఏటికొప్పాక
నవంబరు 24

బావా,

ఇనుము గొట్టాన్ని గీరేస్తుంది. సీసమే మెత్తన. గుడ్డ చుట్టాలి.

అడిగిందానికి చెప్పేను. నువ్వు రాయాల్సింది తుపాకీ సంగతి కాదు.

దేముడమ్మ

అనకాపల్లి
డిసెంబరు 3

నా దేముడమ్మకు,

తుపాకీ లేదు. నువ్వెళ్ళిన మూడో రోజే స్టేషన్లో ఇచ్చేసి, లైసెన్సు వద్దని సంతకం పెట్టేను. పందుల్ని రేకు డబ్బా కొట్టి తోలుతున్నాను. గుండు, రవ్వలు అని రాసింది నీ చేత జవాబు రాయించుకోడానికి. వేరే ఏం అడగాలో నాకు తెలీలేదు.

ఆ ఆకు నేనే తీసేను. నువ్వు నీళ్ళ చెంబుకి వెళ్ళినప్పుడు పక్క చేను కృష్ణబాబు గట్టెక్కి, "ఏటి మామా, అత్త కూరితేగాని నీ తుపాకీ పేలదేటి?" అని నవ్వేడు. రోషమొచ్చింది. లోపల మందుందని తెలిసే, వాడు చూస్తుండగా మళ్ళీ పోసి కూరేను. నువ్వు తిరిగొచ్చి పక్కన నిలబడ్డావు. చెప్పలేదు. పేల్చేను.

నిన్న టీ కొట్టు దగ్గర కృష్ణబాబు ఎదురుగానే, "రెండోసారి పోసినోణ్ణి నేను, మా దేముడమ్మ కాదు" అన్నాను. ఒకడు నవ్వేడు. నవ్వనీ.

శనివారం మొదటి బస్సుకి వస్తున్నాను. మీ చెల్లెలి ముందూ అదే మాట చెబుతాను. నువ్వు రానంటే అరుగు మీద కూర్చుంటాను. పొమ్మన్నా కూర్చుంటాను.

నువ్వు లేకపోతే నాకు పొద్దు పోవడం లేదు. ఈ ముక్క రాయడానికి రెండు రోజులు పట్టింది.

నీ
చంద్రమౌళి