ఉతకని చీర

నంద్యాల,
జనవరి, 1979.

బావగారికి,

పున్నమినాడు తోడేళ్లమై వెళ్లి, తెల్లవారేసరికి ఇంటివాళ్లు గట్టు మీద బట్టలు పట్టుకొని పిలిస్తే మనుషులమై తిరిగొచ్చే వంశం మనది. పాప పోయాక అక్క మాత్రం తిరిగి రాలేదు. ఆళ్లగడ్డ చేలలో తోడేలుగానే తిరుగుతున్న ఆమెను గొలుసుతో కట్టి తెస్తానని రాశారు. తొందరపడకండి.

ఇక్కడ మనవాళ్ల మనసు జబ్బులు చూసే ఎస్తేరు డాక్టరమ్మను అడిగాను.

"తెల్లారి గట్టు మీద చీర పట్టుకొని పిలిచేదెవరు?" అంది.

"మా బావే. రోజూ ఉతికిన చీర తీసకపోతాడు," అన్నాను.

"సబ్బు వాసనకు తోడేలు యాడన్నా వస్తాదామ్మా? బిడ్డ పండుకున్న చీర పట్టుకోమను."

ఆ చీరను ఎవరినీ ఉతకనివ్వకుండా మీ తలగడ కింద దాచుకున్నారని నాకు తెలుసు. మంచుకు తడిస్తే పాప వాసన పోతుందేమో. అక్క వస్తుందో రాదో కూడా నేను చెప్పలేను. నిన్న కలలో మాత్రం ఆమె జొన్నచేలోంచి కొంగు సర్దుకుంటూ నడిచొచ్చింది.

గొలుసు ఇంట్లో వదిలి, ఆ చీరతో గట్టు మీద నిలబడండి. ఆమె రాకపోతే అందులో ముఖం దాచుకొని మీరైనా ఏడవండి, బావా. పాప పోయినప్పటి నుంచి మీరు ఏడవనే లేదు. చేలో ఎక్కడున్నా ఆమె వింటుంది.

మీ మరదలు