తమ్ముడి పరుగు, అక్క కొలతలు

అక్కకి నమస్కరించి తమ్ముడు రాసేది. ఇక్కడ నేనూ, నీ మరదలూ, కుట్టుమిషనూ బాగున్నాం. నువ్వెలా ఉన్నావంటే రాయవు కాబట్టి అడగను.

రెండు నెలల్లో మీ ఊళ్లో ఐదు కిలోమీటర్ల పరుగు పందెం ఉంది. పేరిచ్చాను. నవ్వకు. నలభై ఏళ్లుగా మిషను తొక్కుతున్నా ఈ కాళ్లు ఒక్క అడుగు ముందుకు పోలేదు. ఒక్కసారైనా పోవాలనిపించింది.

పందెం మైదానం దగ్గర మొదలై, చుట్టూ తిరిగి మళ్లీ అక్కడికే వస్తుందట. పేపర్లో వేసిన పటం మీద పల్చటి కాగితం పెట్టి గీసి పంపుతున్నాను. మీ వీధి మీదుగానే దారి. గుంటలెక్కడున్నాయో చూసి రాయి.

తమ్ముడు

తా.క. నిక్కరు నేనే కుట్టుకున్నాను. ఆరు జేబులు. ఒకదాంట్లో కత్తెర ఉందని పరిగెడుతుంటే మూడో వీధిలో గుర్తొచ్చింది.

*

తమ్ముడికి అక్క దీవించి అడిగేది ఒక్కటే: డాక్టరు ఏం చెప్పాడు?

ముప్పై రెండేళ్లు నర్సుగా చేశాను. యాభై ఆరేళ్లవాడు ఊరికే పరిగెత్తడు. షుగరా, గుండెజబ్బా అన్నది దాచకుండా రాయి. కూర్చున్నప్పుడు నాడి ఎంత, పరిగెత్తాక ఎంత, అదీ రాయి.

కిటికీలోంచి చూస్తే రెండు గుంటలు కనిపించాయి. అంతకు మించి అడగకు. మీ బావ పోయి పదకొండు నెలలు. అప్పట్నుంచి నేను గేటు దాటలేదని నీకు తెలుసు.

అక్క

తా.క. కత్తెర తీసేశావా?

*

అక్కకి,

కూర్చుంటే డెబ్బై ఆరు. పరిగెత్తాక నీ మరదలు చెయ్యి పట్టుకుని చూసింది. తనూ నా వెనకే పరిగెత్తుకొచ్చింది కాబట్టి ఆ నాడి ఎవరిదో తేలలేదు. డాక్టరు ఏమీ అనలేదు. నేను వెళ్తేగా అనడానికి.

మీ వీధి చివర మలుపుంది. అక్కడ కాలు మడతపడితే ఇక మిషను తొక్కేదెవరు? మలుపుదాకా చూసిరా, చాలు.

తమ్ముడు

తా.క. ఐదుకి బదులు ఐదున్నర పరిగెడుతున్నాను. ఏ గుడ్డయినా ఉతికితే కుంచించుకుపోతుంది కదా, కాస్త ఎక్కువే ఉండనీ అని.

*

తమ్ముడికి,

డాక్టరు దగ్గరికి వెళ్లలేదన్నావంటే అతనేదో గట్టిగానే చెప్పాడని అర్థం. నీ భార్యకి విడిగా రాశాను. "ఆయనకి పరుగు పిచ్చి తప్ప ఇంకే రోగమూ లేదు వదినా" అని జవాబిచ్చింది. అంటే పాపం ఆ పిల్లకీ చెప్పలేదన్నమాట.

మలుపుదాకా వెళ్లాను. గేటు గడియ తుప్పుపట్టి కదల్లేదు, రాయితో కొట్టాల్సి వచ్చింది. మలుపులో కాలువ మీద పలక విరిగింది, పక్కకి జరిగి పరిగెత్తు. అక్కణ్ణుంచి నీ పటం ఆసుపత్రి ముందునుంచి పోతోంది. అటు నేను వెళ్లలేను. నేను పనిచేసిన వార్డులోనే, నా చేతుల్లోనే మీ బావ పోయారు. ఇంకేదైనా అడుగు, చేస్తాను.

అక్క

తా.క. మలుపులో పేపర్ల కొట్టాయన నన్ను చూసి, "ఊరినుంచి ఎప్పుడొచ్చారమ్మా?" అన్నాడు.

*

అక్కకి,

నీ ఉత్తరం చదివి మిషను ఆపేసి కూర్చున్నాను. నేను కుట్టిన మొదటి కోటు బావ పెళ్లికోటే. ఒక చెయ్యి పొట్టిదైంది. ఒక్క మాట అనకుండా, ఆ చెయ్యి జేబులో పెట్టుకునే ఫొటోలన్నీ దిగారు. ఆయన భుజం కొలత ఇంకా నా పుస్తకంలో ఉంది. కొట్టెయ్యడానికి చేతులు రావడం లేదు.

ఆసుపత్రి సంగతి ఇక అడగను. ఆ ముక్క కళ్లు మూసుకుని పరిగెడతాను.

తమ్ముడు

తా.క. పడినా పడేది ఆసుపత్రి ముందే కాబట్టి నువ్వేం బెంగపెట్టుకోకు.

*

తమ్ముడికి,

ఆసుపత్రి దాటాను. రెండ్రోజులు దాని గేటుదాకా వెళ్లి వెనక్కి వచ్చేశాను. మూడోరోజు మా వార్డు ఆయా చూసి చెయ్యి పట్టుకుంది. ఇద్దరం బెంచీ మీద కూర్చుని ఏడ్చాం. తర్వాత ఆమె డ్యూటీకి వెళ్లింది, నేను ముందుకి వెళ్లాను.

మైదానంలో పందెం ఆఫీసు ఉంది. గోడ మీద అసలు పటం చూశాను. పందెం మా వీధికి రాదు. ఆసుపత్రికీ రాదు. మొదట్లోనే ఎడమకి తిరిగి అటు వెళ్లిపోతుంది. నీ పటం కుడికి తిప్పింది. "గీసిన కాగితం తిరగబడిందండీ, ఎవరికైనా జరిగే పొరపాటే" అన్నాడు గుమాస్తా. నేను నమ్మలేదు. మొదటి కోటుకి చెయ్యి పొట్టి చేశావు, నిజమే. కానీ నలభై ఏళ్లలో ఒక్క గుడ్డా తిరగేసి కత్తిరించలేదు నువ్వు. పైగా ఆ తిరగబడ్డ కాగితం మీద మా వీధి పేరూ, ఆసుపత్రి పేరూ తిన్నగా నీ చేత్తోనే రాసి ఉన్నాయి.

అప్పుడు జాబితా అడిగాను. మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు చూశాను. నీ పేరు లేదు.

కోపం వచ్చింది. నన్ను గేటు దాటించడానికి ఎంత దారి గీశావురా అనుకుంటూ ఇంటికి నడిచి వచ్చేసరికి పోయింది. నీ భార్య కూడా అబద్ధాన్ని కుట్టు కనబడకుండా కుట్టిందని తనతో చెప్పు.

నడిచేవాళ్లనీ రానిస్తారట. రెండు పేర్లు రాయించాను. నాది నడకకి, నీది పరుగుకి. వచ్చేటప్పుడు ఆ కొలతల పుస్తకం తీసుకురా. మీ బావ పేజీ చూడాలి.

అక్క

తా.క. ఇంకా పదహారు రోజులుంది, ఇప్పుడైనా పరిగెత్తడం మొదలుపెట్టు. ఐదు కిలోమీటర్లు కుంచించుకుపోవురా. నేను నడిచి చూశాను, కొంచెం సాగుతాయి కూడా.