చిన్నవాడికి చుక్కల మందు

కజాన్, 1959 మే 12

అమ్మకు, లీదియా నమస్కరించి రాయునది. పోలియో గురించి విని బెంగపడకు. మా చిన్నవాడు కోస్త్యాకు ఇవాళే చుక్కల మందు వేయించాను. వరుసలో నా వెనకున్న గ్లాఫీరా అవ్వ, "అమెరికావాళ్ళ మందు మన పిల్లల నోట్లోనా?" అని అడ్డం తిరిగింది.

"విత్తనం వాళ్ళది, పండించింది మన మాస్కోలోనే అవ్వా. ముందు నా కూతురికే వేశా," అంది డాక్టరమ్మ.

అవ్వ నా పక్కనే ఉన్న మా పెద్దపిల్ల నీనా పోలియో కాలికి కట్టిన ఇనుపపట్టీని కాసేపు చూసి, తన మనవణ్ణి ముందుకు తోసింది.

ఇక్కడ మందు ఇరవయ్యో తేదీ వరకే వేస్తారు, ఆలోపు తమ్ముడి పాపను తప్పక తీసుకురా. వచ్చేటప్పుడు ఎండు పుట్టగొడుగులు తే. మేక ఈనిందా? నాన్న దగ్గు తగ్గిందా?

నీనాకు అందనిది కోస్త్యాకు అందింది. చర్చికి వెళ్ళినప్పుడు, ఈ మందు కనిపెట్టిన, పేరు తెలియని ఆ అమెరికా డాక్టరు కోసం కూడా ఒక కొవ్వొత్తి వెలిగించమ్మా.