తారు గీతలు

మార్చి 3
చెప్పేది నేను, రాసేది కోడలు. ఒక్క మాట మార్చినా పట్టేస్తాను. చదువు రాకపోయినా దాని మొహం చదవడం వచ్చు.

మా నది మూడు దేశాలది. పై దేశంలో రంగుల ఫ్యాక్టరీ ఉంది. వాళ్లు మురుగు వదిలిన రోజు మా ఒడ్డున చేపలు వెల్లకిలా తేలతాయి. లైసెన్సు ఇంకో పదేళ్లు పొడిగించాలా వద్దా అని మూడు దేశాల కమిషన్ ఇరవయ్యో తారీఖున ఇక్కడికొస్తోంది. పొడిగించారంటే మా పడవలు పొయ్యిలోకే.

మార్చి 5
కమిషన్ గుమాస్తా వచ్చాడు. నోటిమాట చెల్లదట, తేదీలు కావాలట. అవీ రెండు ఒడ్ల నుంచీ ఒకటే రావాలట. దేశానికో నిజం ఉంటే కుదరదన్నాడు.

పడవల షెడ్డులో గోడ మీద ఉంది నా రాత. చేపలు చచ్చిన రోజుకో తారు గీత, పున్నమికో సున్న. నాలుగేళ్లది. క్యాలెండర్ పక్కన పెట్టుకుంటే తేదీలు అవే వస్తాయి. ఇప్పుడే ఫోటో తీసుకుంటానన్నాడు. పెద్దవాళ్లు వచ్చినప్పుడే చూపిస్తాను, పొమ్మన్నాను.

మార్చి 6
అవతలి ఒడ్డున, మూడో దేశంలో, ఒకతె ఉంది. అదీ చేపలు పట్టేదే. అది నా వల తెంపినప్పటి నుంచి, తొమ్మిదేళ్లుగా మాటల్లేవు. చేపలు చచ్చిన రోజుల లెక్క దాని దగ్గరా ఉందేమో వెళ్లి అడగమని కోడలు పోరుతోంది.

మార్చి 9
వెళ్లను.

మార్చి 12
వెళ్లాను. పడవ దిగకుండానే అడిగాను. ఇంకా బతికే ఉన్నావా ముసల్దానా అంది. నీకంటే ముందు పోయి నీకా సంతోషం ఇస్తానా అన్నాను.

దాని దగ్గర ఓ తాడుందట. చేపలు చచ్చిన రోజుకో ముడి, పున్నమికో గుడ్డ పీలిక. ముందు నీ గోడ చూపించు, తర్వాతే నా తాడు అంది. ఇరవయ్యో తారీఖున రమ్మన్నాను.

మార్చి 17, సాయంత్రం
పెద్దవాళ్లొస్తున్నారు, అమ్మకు మర్యాదగా ఉంటుందని నా కొడుకు షెడ్డుకు సున్నం కొట్టాడు. లోపలా బయటా, రెండేసి పూతలు. పడవలకు తారు పూశాక మేమంతా కుంచె ఆ గోడకే తుడుస్తాం. నా గీతల్నీ ఆ మరకలే అనుకున్నాడట.

కొట్టడానికి కర్ర వెతికాను. దొరికాక, దాన్నే ఊతం చేసుకుని కూలబడిపోయాను.

ఇది రాస్తూ కోడలు ఏడుస్తోంది. కాగితం తడపకు అన్నాను.

మార్చి 18
తెల్లగా ఉంది.

మార్చి 19
పొద్దున్నే కోడలు కేకేసింది. సున్నంలోంచి గోధుమరంగు గీత ఒకటి. పక్కన ఇంకోటి. తారు సున్నానికి లొంగుతుందా. ఎండ తగిలితే మెల్లగా ఊరుతుంది. మధ్యాహ్నానికి పదకొండు.

కొడుకు పైకెక్కి షెడ్డు రేకులు ఊడదీస్తున్నాడు, ఎండ లోపలికి పడాలని. నేను చెప్పలేదు. ఆపనూ లేదు. రేపు మబ్బు పడితే?

మార్చి 20
మబ్బు పట్టలేదు. అయినా సగమే తేలాయి.

అవతలిది తాడు తీసి ఒక్కో ముడీ చెబుతుంటే కోడలు గోడ చూపించింది. తేలినవన్నీ సరిపోయాయి. తేలనివాటి దగ్గర అందరూ నా వైపు చూశారు.

ఇంకెన్నాళ్లు పడుతుందని కమిషన్ పెద్దావిడ అడిగింది. ఎండనడుగు తల్లీ అన్నాను. మూడు దేశాల వాళ్లూ బయటికెళ్లి చాలాసేపు గొణుక్కున్నారు. నెల వాయిదా. అందాకా ఫ్యాక్టరీ మురుగు గొట్టానికి తాళం.

మార్చి 27
అవతలిది ఇంటికి పోలేదు. గోడ ముందు ఇద్దరం ముక్కాలి పీటలేసుకుని కూర్చున్నాం.

ఇవాళ ఇంకో గీత తేలింది.