మేడమీది తొట్టి, కింది ఇంజనీర్లు

పురపాలక భవనాల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: తమ భవనం కింది అంతస్తులోని ఇంజనీర్ల సంఘం స్థానిక శాఖ వచ్చే ఆదివారం తలపెట్టిన ‘సాంకేతిక సందర్శన’ను రద్దు చేయించుట గురించి.

సదరు భవనం పై అంతస్తులో ప్రార్థన గది నడుపుకుంటున్న ప్రసంగీకుడనైన నేను మనవి చేసుకొనునది ఏమనగా:

1. సదరు శాఖవారు ప్రతి నెలా మెట్ల దగ్గరి బోర్డు మీద తమ రాబోవు కార్యక్రమాలు అంటిస్తారు. మురుగునీటి శుద్ధి మీద ఉపన్యాసం. పుల్లలతో వంతెనలు కట్టి, విరిగేదాకా బరువులు వేలాడదీసే విద్యార్థుల పోటీ. కార్యవర్గ ఎన్నిక, దాని వెనకే విందు. విరగ్గొట్టడానికే కట్టేవాళ్ళను వీళ్ళను తప్ప నేనెక్కడా చూడలేదు. అయినా ఓర్చుకున్నాను. నోరు మెదపలేదు. మైకులో ఒకటి రెండుసార్లు అన్నాను, అంతే.

2. ఈ నెల చివరి అంశం ఇలా ఉంది: “ఆదివారం ఉదయం, పై అంతస్తు నీటి తొట్టి, దాని బరువుకు స్లాబులో వచ్చిన పగుళ్ళ పరిశీలన. సభ్యులందరూ ఆహ్వానితులు. అనంతరం అల్పాహారం.” అయ్యా, అది నీటి తొట్టి కాదు, బాప్తిస్మపు తొట్టి. పాత మనిషిని ముంచి కొత్త మనిషిని లేపే చోటు. దాన్ని వింతజంతువులా చూసి, చేతులు కడుక్కుని ఫలహారం చేస్తారట! శనివారమే నీళ్ళు తోడించెయ్యమని తమకు రాసిందీ వీళ్ళే.

3. తొట్టి నేనే కట్టాను. ఎవరి అనుమతీ అడగలేదన్నది వాస్తవం. జలప్రళయానికి ముందు ఓడ కట్టిన పెద్దాయన ఏ శాఖకు చందా కట్టాడు? ఆకాశాన్నంటే గోపురం మొదలుపెట్టి, ఒకడి మాట ఒకడికి తెలియక చెల్లాచెదురైనవాళ్ళు మాత్రం కచ్చితంగా కార్యవర్గం ఉన్నవాళ్ళే. పగుళ్ళు లేవని నేననను. వాళ్ళ సమావేశపు బల్ల మీద చుక్కలు పడుతున్న మాటా నిజమే. శాఖాధ్యక్షుని బట్టతల మీద పడిన చుక్కను ఆశీర్వాదంగా తీసుకోమని మర్యాదగానే చెప్పాను. తీసుకోలేదు.

4. కార్యవర్గ సభ్యులు నన్ను చాటుగా ‘ఉరుములయ్య’ అంటారు. ఇది ఈ అర్జీకి సంబంధించినది కాదు. అయినా నమోదు చేసుకోగలరు.

5. ఇక అసలు బాధ. శాఖ కార్యదర్శి నా భార్యకు సొంత తమ్ముడు. ఆదివారం ఆ తొట్టిలో దిగవలసింది అతని కన్నతల్లి, అనగా నా అత్తగారు. ఏళ్ళ తరబడి నా ప్రసంగాలకు కునికిపాట్లు పడిన మనిషి, గుండె జబ్బుతో ఆసుపత్రికి వెళ్ళొచ్చాక తనంతట తానే బాప్తిస్మం అడిగింది. సోమవారం ఆపరేషన్. తిరిగొస్తుందని డాక్టరు మాట ఇవ్వలేదు. ఏటి చన్నీళ్ళు ఆమెకు పడవు. తొట్టిలోనైతే నా భార్య వేడినీళ్ళు కలుపుతుంది, మేం కుర్చీలో మోసుకెళ్తాం. ఇంతకన్నా వేరే దారి లేదు. బావమరిదిని నిలదీశాను.

“అడిగింది మీ అమ్మరా. అడ్డుపడటానికి నీకు మనసెలా వచ్చింది?”

“అమ్మ మునిగితే నాకేం బాధ బావా? ఆ స్లాబు కుర్చీలు వేసుకోడానికి పోసింది, చెరువు పెట్టుకోడానికి కాదు.”

“నీకు విశ్వాసం లేదు.”

“నీ తొట్టి కింద ఇనుము లేదు.”

నా భార్య అడ్డం వచ్చి, “మెల్లగా! పక్కగదిలో అమ్మ వింటోంది” అంది.

లోపల్నుంచి అత్తగారు, “నేనేమిటే, వీధంతా వింటోంది. ఎవరో ఒకరు నన్ను తడిపి పుణ్యం కట్టుకోండి” అన్నారు.

కావున తమరు సదరు సందర్శనను రద్దు చేసి, తొట్టిలో చుక్క నీరు తియ్యరాదని ఉత్తర్వు ఇచ్చి, సదరు శాఖను తమ భవనం నుంచి ఖాళీ చేయించగలరు. నా మొర చిత్తగించవలెను. చిత్తగించనిచో ఇదే అర్జీ తమ పైన ఉన్నవాడికి పెట్టుకుంటాను. ఆయనకు సెలవులుండవు.

తమ విధేయుడు,
(దేవుడి తర్వాతే)
మేడమీది ప్రసంగీకుడు

తాజా కలం: కవరు అంటిస్తుండగా బావమరిది వచ్చాడు.

“బావా, నీ బరువెంత?”

“నన్ను తూచేవాడు పైనున్నాడు.”

“ఆయన చెప్పేలోగా నువ్వు చెప్పు.”

చెప్పాను. లెక్క చూసుకుని, మోకాళ్ళ దాకానే నీళ్ళు పెట్టమన్నాడు. తొట్టిలో ఆమె, నేను తప్ప ఎవరూ ఉండకూడదట. ఆమెను కూర్చోబెట్టి వెనక్కి వాల్చమన్నాడు. స్లాబు కింద ఇనుప ఊతాలు తానే నిలబెడతాడట.

“అయితే ఆ పూట నువ్వూ పైకొచ్చి చూడు” అన్నాను.

“రాను. కింద నిలబడతాను. లెక్క కట్టినవాడు మొదటి బరువు పడేటప్పుడు దాని కిందే ఉండాలి. మా పనిలో అది రివాజు.”

అంటించిన కవరు మళ్ళీ విప్పి ఈ ముక్కలు రాస్తున్నాను.

కనుక తమరు శాఖ సభ్యులను ఆ ఉదయం రోడ్డు మీదే ఆపితే చాలు. మిగతా ఫిర్యాదులు ఒక్కటి కూడా వెనక్కి తీసుకోవడం లేదు. ఒకవేళ తమరు తనిఖీకి వస్తే, కొడుకు కింద నిలబడ్డాడని మా అత్తగారి చెవిన వెయ్యకండి. తెలిస్తే ఆమె నీళ్ళలో అడుగు పెట్టదు.