విరగ్గొట్టిన డ్రాగన్

తమ్ముడికి అక్క దీవెనలు. ఇక్కడ అందరం కులాసా. నీ మేనకోడలి జలుబు కూడా తగ్గింది. సిగ్నల్ అందని ఆ కొండమీది వాతావరణ కేంద్రంలో నువ్వు వేళకు తింటూ, చెవులకు గుడ్డ చుట్టుకుంటున్నావని తలుస్తాను.

నీ ఉత్తరం పద్దెనిమిది రోజులకు అందింది. అడిగినవాటికి వరసగా చెబుతాను. మీ బావ మోకాలు నయం. మెట్లు ఎక్కుతున్నారు, దిగేటప్పుడు మాత్రం నన్ను పిలుస్తారు. కుట్టుమిషను బెల్టు మార్పించాను. స్కూలు యూనిఫారాలు వచ్చి పడటంతో దుకాణంలో కాలు పెట్టే చోటు లేదు. నీ మూడో ప్రశ్నకు తర్వాత వస్తాను.

నువ్వు నాకు అప్పగించి వెళ్లిన ఫోన్లో కార్డుల ఆట రోజూ తెరుస్తున్నాను. మొదట్లో నువ్వు చెప్పినట్టే, తెరిచినందుకు రోజూ ఇచ్చే బహుమతి తీసుకుని మూసేసేదాన్ని. ఓ మధ్యాహ్నం కరెంటు పోయి మిషను ఆగితే, సరదాకి ఒక ఆట ఆడాను. ఓడాను. పంతం పట్టి వరసగా తొమ్మిది ఓడాను! "ఎవర్నే ఫోన్లో అలా తిడుతున్నావు?" అన్నారు మీ బావ.

ఇక లాభం లేదని నీ కార్డులన్నీ ఒక్కొక్కటే చదివాను. నువ్వు ఏనాడూ ముట్టుకోని చిన్న కార్డులు ఎన్నున్నాయిరా! గంట పట్టుకున్న ముసలమ్మ ఉంది. ఆవిడ బలం ఒకటే. కానీ పక్కన ఎవరు నిలబడితే వాళ్ల బలం రెట్టింపు. ఎలుక చస్తే ఇంకో రెండు ఎలుకలొస్తాయి. కొత్తగా చేరినవాళ్లకి ఊరికే ఇచ్చే కార్డులవి. నాలుగు రోజులు వాటిని జట్టుగా కూర్చి, విప్పి, మళ్లీ కూర్చాను.

ఆ తర్వాత ఆటలో అవతలివాడు ఇంత లావు రాక్షసుణ్ణి దింపాడు. వాడి కార్డులన్నీ తళతళలాడుతున్నాయి. నా వైపు ముసలమ్మ, నాలుగు ఎలుకలు. నా పని అయిపోయిందనుకున్నాను. ఎలుక పోతే ఎలుకలొచ్చాయి, ముసలమ్మ గంట కొట్టింది, రాక్షసుడు కుప్పకూలాడు. ఇరవై ఏళ్లుగా ముక్కలు కలిపి కుడుతున్నానే గాని, ఇంత అద్భుతం నా చేతుల మీదుగా జరగడం ఎప్పుడూ చూడలేదు. కేకేస్తే మీ బావ మోకాలి సంగతే మర్చిపోయి పరిగెత్తుకొచ్చారు. "ఈ ముసలావిడా?" అని నోరు తెరుచుకుని చూస్తుండిపోయారు.

ఇప్పుడు నీ మూడో ప్రశ్న. "నా బంగారు డ్రాగన్ క్షేమమేనా?" అని అడిగావు. లేదురా. విరగ్గొట్టాను. పనికిరాని కార్డు విరగ్గొడితే పొడి వస్తుంది, దాంతో కొత్తవి చేసుకోమని నువ్వే చెప్పావు. ఆ తొమ్మిది ఆటల్లోనూ అది నా చేతిలోనే కూర్చుంది. దాన్ని దింపే బలం కూడేలోపే ఆట ముగిసిపోయేది. కత్తెర పడని పట్టుబట్ట నా దృష్టిలో పనికిరానిదే. దాని పొడితోనే ఇంకో ముసలమ్మనీ, మిగతా ఎలుకల్నీ చేశాను. దానికోసం నువ్వు రెండేళ్లు ఆడావని ఆ తర్వాత మీ బావ చెప్తేగాని తెలియలేదు.

ఇంకో మాట కూడా చెప్పేస్తాను. నువ్వు ఎంతో ఆశపడ్డ ఆ మొదటి వందమంది పట్టికలో ఇప్పుడు నీ పేరుంది. చేర్చింది ఎలుకలు. నొచ్చుకోకు.

డ్రాగన్‌ని మళ్లీ చేయొచ్చు. ఇన్నాళ్ల బహుమతుల పొడికి ఈ చిన్నవాటిని విరగ్గొట్టిన పొడి కలిపితే సరిపోతుంది. మూడుసార్లు బటన్ మీద వేలు పెట్టి తీసేశాను. కార్డులు నీవి, కాదనను. కొండ దిగి రాగానే వీటితో ఒక్క ఆట ఆడు. అప్పటికీ డ్రాగనే కావాలనిపిస్తే నువ్వే వీటిని విరగ్గొట్టు. ఆ ముసలమ్మని విరగ్గొట్టడం నావల్ల కాదు.

ఇట్లు,
నీ కోపానికి సిద్ధంగా ఉన్న
అక్క