అందరి తరఫునా మరియమ్మ

గురువారం, రామచంద్రపురం

కాళ్లు లాగేస్తున్నాయి. అయినా ఇది రాయకుండా పడుకుంటే నిద్ర పట్టేలా లేదు.

కూలికెళ్లే మరియమ్మ మా సర్వేకి మొదటినుంచీ జవాబులు చెబుతోంది. ప్రతి విడతా అవే ఇళ్లకి వెళ్లి అవే ప్రశ్నలు అడగాలి. ఆవిడ ఉండే పేటలో మేం ఎంచుకున్నవాళ్లలో కొందరు వలసపోయారు, కొందరు విసిగి తలుపు తీయడం మానేశారు. ఈసారి ఆవిడొక్కతే మిగిలింది. ఫోన్లో ఆఫీసు సార్‌కి చెబితే, "పర్లేదండి, ఆవిడకి వెయిటేజీ పెంచేస్తాం. దొరకనివాళ్ల తరఫున కూడా ఆవిడ జవాబే లెక్కకొస్తుంది" అన్నారు.

నేను వెళ్లేసరికి పొయ్యి చల్లగా ఉంది. వానలకి పనుల్లేవు. నన్ను కూర్చోబెట్టి, పక్కింట్లో పంచదార అడిగి తెచ్చి టీ పెట్టింది. పక్కింటావిడ కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఈ నెలలో ఎప్పుడైనా తిండి లేక పస్తులున్నారా అండి?" అని అడిగాను.

"అయ్యో, అలాంటిదేం లేదండి. రెండు పూటలా తింటున్నామండి. మీరు టీ తాగండి, చల్లారిపోద్ది."

ఇంటికొచ్చిన మనిషి ముందు ఆకలని ఎవరు చెబుతారు? నేనైనా చెప్పను. మళ్లీ అడగబోయి, పక్కింటావిడని చూసి ఊరుకున్నాను. చెప్పిందే రాయాలి, చూసింది రాయకూడదు. అదీ రూలు. ట్యాబ్‌లో "లేదు" నొక్కాను.

సార్ చేసేది తప్పు కాదు. దొరకనివాళ్లని వదిలేస్తే ఆ పేట లెక్కలో ఉండీ లేనట్టే. కానీ...

నేను లేస్తుంటే, "మళ్లీ రండి మేడమ్" అంటూ గ్లాసు తీసుకుంది. ఆవిడ టీ తాగలేదని అప్పుడు గమనించాను. పాలు ఒక గ్లాసుకే ఉన్నట్టున్నాయి.

పొద్దున్నే అప్‌లోడ్ చేయాలి. ఆ పేటలో ఎవరూ పస్తుండలేదు.